‘నకిలీ గుర్రం’ కాదు, ‘మారు గుర్రం’

పోయిన ఆదివారం ఈ గ్రూపులో ఒక మాట కోసం అడిగాను. నేను రాస్తున్న మిస్టరీ నవలలో ఎప్పుడూ వెనకబడే ఒక గుర్రం పేరు మీద, దానికంటే చాలా వేగంగా పరిగెత్తే ఇంకో గుర్రాన్ని రేసులో దింపుతారు. పేరు చూసి జనం దాని మీద డబ్బు పెట్టరు. గుట్టు తెలిసినవాళ్ళు మాత్రం పెట్టి, రూపాయికి ముప్పై లాగేస్తారు. ఇలా దించిన గుర్రాన్ని ఇంగ్లీషువాళ్ళు రింగర్ అంటారు. మనం ఏమనాలి?

జవాబిచ్చిన అందరికీ నమస్కారాలు. ఎక్కువమంది ‘నకిలీ గుర్రం’ అన్నారు. నాకు ఆ మాట కుదరలేదు. ఎందుకో తిరుపతిలో ఉండేవాళ్ళకు తొందరగా అర్థమవుతుంది. నకిలీ దర్శనం టికెట్టు అంటే ఎవడో కంప్యూటర్లో తయారుచేసి ప్రింటు తీసిన కాగితం. ఇంకొకరి పేరు మీదున్న అసలు టికెట్టు పట్టుకొచ్చి, వైకుంఠం క్యూ కాంప్లెక్సు దగ్గర ఆధార్ అడిగితే నోరు తెరవలేక నిలబడిపోయే మనిషి సంగతి వేరు. అక్కడ టికెట్టూ అసలుదే, మనిషీ అసలు మనిషే. ఆ పేరు ఆ మనిషిది కాదు, అంతే. నా కథలో గుర్రమూ అలాంటిదే. మంచి జాతి గుర్రం, నిజంగా పరిగెత్తే గుర్రం. దాన్ని నకిలీ అనడం దానికి అన్యాయం.

‘దొంగ గుర్రం’ అని ఒక మేడమ్ రాశారు. దొంగ ఓటు లాగా అన్నారు. ఈ పోలిక నాకు చాలా నచ్చింది. ఒకరి పేరు మీద ఇంకొకరు వేసేదే కదా దొంగ ఓటు. కానీ తెలుగులో ‘దొంగ’ ఒక్కో మాట ముందు ఒక్కోలా పనిచేస్తుంది. దొంగ నోటు చెల్లదు. దొంగ నిద్ర అసలు నిద్రే కాదు. పల్లెలో దొంగగొడ్డు అంటే కన్నుగప్పి పక్కవాడి చేలో పడి మేసేది, అంటే తప్పు ఆ గొడ్డుదే. పాఠకుడు ‘దొంగ గుర్రం’ అని చదివితే ముందు ఇదే తోస్తుందని నా భయం. పాపం, ఆ గుర్రానికి ఏం తెలుసు? ఎక్కడ వదిలితే అక్కడ పరిగెత్తింది.

అందుకే నేను ‘మారు గుర్రం’ దగ్గర ఆగాను. మారుపేరు, మారువేషం, మారుతల్లి అన్నీ మనకు వాడుకలో ఉన్నవే. వీటిలో మోసం తప్పనిసరి కాదు, ఒకరి చోటులోకి ఇంకొకరు రావడమే అసలు అర్థం. ఇక మారుతాళం చెవి ఉంది. ఆ మాట వినగానే దొంగతనం వాసన కూడా తగులుతుంది. మిస్టరీ నవలకు ఇంతకంటే ఏం కావాలి? పైగా కొత్తగా పుట్టించిన పదం కాదు. ఎవరికీ వివరించక్కర్లేదు.

ఇది ఊరికే కల్పన అనుకునేవాళ్ళ కోసం ఒక నిజం. 1984 ఆగస్టు 18న ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో, ఈగిల్ ఫార్మ్ రేసుకోర్సులో ఫైన్ కాటన్ అనే గుర్రం పేరు మీద బోల్డ్ పర్సనాలిటీ అనే గుర్రాన్ని దించారు. రెండింటి రంగూ ఒకటి కాదు. మనుషులు జుట్టుకు వేసుకునే రంగు తెచ్చి పూశారు. ఫైన్ కాటన్ వెనక కాళ్ళకు తెల్లమచ్చలు ఉంటాయి, దీనికి లేవు. అక్కడ తెల్ల పెయింటు వేశారు. మొదట ఒకటికి ముప్పైమూడు పలికిన గుర్రం మీద డబ్బు వరదలా పడేసరికి, రేసు మొదలయ్యే వేళకు ధర రెండుకి ఏడు దాకా దిగింది. గుర్రం వెంట్రుకవాసిలో గెలిచింది. గెలుపు ప్రకటించేలోపే జనంలోంచి ‘గుర్రాన్ని మార్చేశారు’ అని అరుపులు. చివరికి ఆ గెలుపు రద్దయింది.

ఆ కాళ్ళ పెయింటు గురించి చదివినప్పుడు నాకు కద్రువ గుర్తొచ్చింది. గుర్రం రంగు మీద మన సాహిత్యంలో జరిగిన మొదటి మోసం అదే కదా. నన్నయ భారతం ఆదిపర్వంలో ఉంది. ఉచ్చైశ్రవం ఒళ్ళంతా తెలుపే అంటుంది వినత. తోక నలుపు అంటుంది కద్రువ. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు దాసి. తేల్చుకోవడం మాత్రం మరునాటికి వాయిదా. ఆ ఒక్క రాత్రి చాలు. తోక పట్టుకుని నల్లగా వేలాడమని కొడుకులను అడిగితే పాములు ఒప్పుకోలేదు, కద్రువ శపించింది. శాపానికి భయపడి కర్కోటకుడు సరేనన్నాడు. తెల్లారి చూస్తే తోక నల్లగా ఉంది. బ్రిస్బేన్‌లో తెలుపు లేని కాళ్ళను తెలుపు చేశారు, ఇక్కడ తెల్లతోకను నలుపు చేశారు. అయితే కద్రువ గుర్రాన్ని మార్చలేదు, గుర్తును మార్చింది. కాబట్టి ఉచ్చైశ్రవం మారు గుర్రం కాదు. ఈ తేడా నవలలో నాకు పనికొస్తుంది.

ఇంకో చిక్కు ‘పందెం’ మాటతో. మనకు పరుగూ పందెమే, దాని మీద కట్టే డబ్బూ పందెమే. తమిళంలో పందయం కూడా ఇంతే. మొదట ఇది లోపం అనుకుని, పరుగుకు రేసు అనీ డబ్బుకు పందెం అనీ విడదీసి రాశాను. ఇప్పుడు కథనంలో ఆ విభజన ఉంచి, మాటల్లో తీసేశాను. ఎందుకంటే గుర్రాలకు దాణా వేసే ముసలాయన ఎస్సైతో ‘ఆ పొద్దు పందెం గెలిచింది ఆయప్పే సామీ’ అంటాడు. గుర్రాన్ని తోలిన జాకీ గురించి అనుకుంటాడు ఎస్సై. ముసలాయన చెప్పింది డబ్బు కట్టినవాడి గురించి. ఎస్సై వంద పేజీలు తప్పుదోవలో తిరుగుతాడు. ఈ మలుపు రింగర్, రేస్, బెట్ అని రాసే భాషలో సాధ్యం కాదు. తెలుగు నాకు ఉచితంగా ఇచ్చింది.

పందెం బదులు జూదం అనమని ఒకాయన గట్టిగా రాశారు. సుప్రీంకోర్టు 1996లో మద్రాసు రేసుల కేసులో గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యమున్న ఆట అని చెప్పింది. నా కథ 1985లో జరుగుతుంది కాబట్టి ఆ గొడవ నాకు అవసరం లేదు. ఆ ఏడాదిని ఎంచుకోవడానికి వేరే కారణం ఉంది. ఇప్పుడు రేసు గుర్రాల మెడ లోపల గుర్తింపు చిప్పు ఉంటుంది, డీఎన్‌ఏ పరీక్షలు ఉన్నాయి. మారు గుర్రాన్ని దించడం చాలా కష్టం. ఆ రోజుల్లో గుర్రాన్ని పట్టించేది ఒంటి మీది గుర్తులే.

చిత్తూరు నుంచి వచ్చిన జవాబు:

సార్, మారు గుర్రం బాగుంది. మీరు గుర్తులంటే రంగూ మచ్చలూ మాత్రమే చెప్పారు. మా నాయన సంతలో ఎద్దును కొనేముందు ఒళ్ళంతా తడిమి సుడులు చూసేవాడు. నుదుటి మీద ఎన్ని, మెడ మీద ఎక్కడ, వీపు మీద ఎటు తిరిగింది అని. మచ్చకు రంగు పూయొచ్చు. సుడికి ఏం పూస్తారు? గొరిగినా వెంట్రుక మళ్ళీ అట్లే తిరిగి మొలుస్తుంది. మీ ఎస్సైకి ఇది తెలిసినవాడు ఒకడు తగలాల.

నా జవాబు:

తమ్ముడూ, నువ్వు నా నవలను నిలబెట్టావు. రేసు గుర్రాల పాస్‌పోర్టుల్లో సుడులు కూడా గీసి నమోదు చేస్తారని చదివాను కానీ, కథలోకి తేవాలని తోచనే లేదు. పైగా మనం ‘వాడికి సుడి ఉందిరా’ అంటే అదృష్టం అని కదా. డబ్బు కట్టినవాడు తన సుడి బాగుందని మురిసిపోతుంటాడు. గుర్రం మెడ మీది సుడి వాణ్ని పట్టిస్తుంది. ఒకే మాట రెండు పనులూ చేస్తుంది.

నవలకు ‘పంచకల్యాణి’ అని పేరు పెట్టుకున్నాను. నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా ఉండే గుర్రం కాబట్టి, పెయింటు కథకు సరిపోతుందని. ఇప్పుడు దాన్ని కొట్టేసి ‘సుడి’ అని రాసుకున్నాను. దాణా వేసే ముసలాయనను సంతల్లో ఎడ్లు కొని అమ్మిన మనిషిగా మార్చి, పన్నెండో అధ్యాయం మళ్ళీ మొదలుపెడుతున్నాను. మీ నాయన గారిని ఒక్క సంగతి అడిగి చెప్పు. మెడ మీద జంటగా పక్కపక్కనే ఉండే సుడులకు మీ వైపు వేరే పేరు ఏమైనా ఉందా? ఆయన ఏ మాట అంటే ఆ మాటే ముసలాయన నోట పెడతాను.