రీసెట్ 64 శాతం దగ్గర ఆగిపోతే: పవర్ తీసేయాలా, ఇంకా ఆగాలా?

వెన్నెలదారి:
విండోస్ 11 ల్యాప్‌టాప్. 1 టీబీ హార్డ్ డిస్క్, తిరిగే రకం. సిస్టమ్ బాగా నెమ్మదించిందని సెట్టింగ్స్‌లో రికవరీలోకి వెళ్లి రీసెట్ మొదలుపెట్టాను. "కీప్ మై ఫైల్స్", తర్వాత "లోకల్ రీఇన్‌స్టాల్" ఎంచుకున్నాను. 64 శాతం దాకా వచ్చి మూడు గంటల నుంచి అక్కడే ఉంది. చుక్కలు మాత్రం తిరుగుతున్నాయి. ఛార్జర్ పెట్టే ఉంది. ఫైళ్లకు బ్యాకప్ లేదు. ఎక్కడ చూసినా రెండే జవాబులు: "ముట్టుకోకండి, దానంతటదే అవుతుంది" అని కొందరు, "పవర్ బటన్ నొక్కి పట్టండి" అని కొందరు. ఏది ఎందుకు సరైనదో కారణంతో చెప్పగలరా?

నిదానం:
మూడు గంటలకే కంగారు పడొద్దు. లోకల్ రీఇన్‌స్టాల్‌లో కొత్త కాపీ ఏదీ బయటి నుంచి రాదు. డిస్క్‌లో ఇప్పటికే ఉన్న సిస్టమ్ ఫైళ్ల నుంచే విండోస్ తనను తాను మళ్లీ పేర్చుకుని, పాతదాన్ని పక్కకు జరుపుతుంది. అవన్నీ లెక్కలేనన్ని చిన్న చిన్న ఫైళ్లు. తిరిగే హార్డ్ డిస్క్ ఇలాంటి చెదురుమదురు పనులు సెకనుకు వంద చేయడం కూడా కష్టం. ఎస్‌ఎస్‌డీలో అరగంటలో తేలేది ఇక్కడ పూట పడుతుంది. శాతం అంకె కూడా సమయాన్ని బట్టి నడవదు, ఒక్కో దశ ముగిసినప్పుడు గెంతుతుంది.

ఇప్పుడు పవర్ తీస్తే ఏమవుతుందో కూడా చూడండి. విండోస్ డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు జర్నల్ (మార్పులను ముందే రాసుకునే చిట్టా) ఉంది, నిజమే. కానీ ఆ జర్నల్ కాపాడేది ఫోల్డర్ల పట్టికను, ఫైలు లోపలి డేటాను కాదు. మీ ఫైళ్లు సగం పాత చోట, సగం కొత్త చోట ఉన్న క్షణంలో కరెంటు పోతే వెతుక్కోవడం మీ వంతు అవుతుంది. నా మాటైతే రాత్రంతా వదిలేయండి.

ఎర్రలైటు:
నిదానం గారూ, దశల గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. "రాత్రంతా వదిలేయండి" అన్నది మాత్రం ప్రమాదం. గడియారం చూసి ఈ నిర్ణయం తీసుకోకూడదు, డిస్క్ ఏం చేస్తోందో చూసి తీసుకోవాలి. సిస్టమ్ నెమ్మదించిందనే కదా రీసెట్ పెట్టారు, ఆ నెమ్మదికి కారణం చావుకు దగ్గరైన డిస్కే అయితే? అప్పుడు ఆగిన ప్రతి గంటా ఫైళ్లకు చేటు. చెడిన సెక్టార్ (డిస్క్‌లో డేటా ఉండే చిన్న గడి) ఎదురైతే డిస్క్ దాన్ని మళ్లీ మళ్లీ చదవబోతుంది, విండోస్ ఓపికపట్టి మళ్లీ అడుగుతుంది. తెరమీద చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. వాటిని నమ్మకండి, డిస్క్ పూర్తిగా మొరాయించినా చుక్కలు తిరగగలవు.

వెన్నెలదారి గారూ, పది నిమిషాలు ఈ మూడు చూడండి.

డిస్క్ లైటు: ఎడాపెడా మిణుకుమంటుంటే పని జరుగుతోంది, ఆగండి. అసలు వెలగకపోతే రాయడం ఆగిపోయింది. మిణుకు లేకుండా ఒకే తీరుగా వెలుగుతుంటే ఒకేచోట ఇరుక్కుంది.

చప్పుడు: చేతులు ఆనించే చోట, డిస్క్ ఉన్న వైపు చెవి పెట్టండి. గరగరమని క్రమం లేని సన్న చప్పుడు వస్తే అది మామూలు పని. కొన్ని సెకన్లకోసారి ఒకే లెక్కన "టిక్", మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ "టిక్" అంటే సెక్టార్ చదవలేక డిస్క్‌లోని చదివే తల వెనక్కి వెళ్లి వస్తోందని అర్థం.

క్యాప్స్‌లాక్: నొక్కితే దాని లైటు మారుతోందా? మారితే సిస్టమ్ బతికే ఉంది. మారకుండా, డిస్క్ లైటు కూడా ఇరవై నిమిషాలుగా ఆరిపోయి ఉంటే పూర్తిగా హ్యాంగ్ అయినట్టే. రాయడమే ఆగిపోయినప్పుడు పవర్ తీస్తే కొత్తగా పోయేదేమీ ఉండదు.

నిదానం:
లైటు, చప్పుడు సరే. క్యాప్స్‌లాక్ పరీక్షకు ఒక షరతు పెట్టాలి. రీసెట్ నడిచేది మామూలు విండోస్‌లో కాదు, రికవరీ వాతావరణంలో, అంటే మరమ్మతు కోసం విడిగా నడిచే చిన్న విండోస్‌లో. 2025 అక్టోబర్ అప్‌డేట్ కేబీ5066835 తర్వాత విండోస్ 11లోని 24హెచ్2, 25హెచ్2 వెర్షన్లలో ఆ రికవరీలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయకుండా పోయాయి. మైక్రోసాఫ్ట్ అక్టోబర్ 20న కేబీ5070773తో సరిచేసింది. ఆ సవరణ ఎక్కని సిస్టమ్‌లో బయటి కీబోర్డుతో క్యాప్స్‌లాక్ నొక్కి, లైటు మారలేదు కాబట్టి హ్యాంగ్ అనుకుంటే తప్పు తీర్పు ఇచ్చినట్టే. ల్యాప్‌టాప్‌కు ఉన్న కీబోర్డే వాడండి, చాలావాటిలో అది యూఎస్‌బీ మీద ఉండదు.

బూట్‌సెక్టార్:
మీ ఇద్దరి వాదనా 64 శాతం చుట్టూనే తిరుగుతోంది. నా అభ్యంతరం రీసెట్ మీదే. జబ్బుపడ్డ ఇంటి ఇటుకలతోనే కొత్త ఇల్లు కట్టే పద్ధతి అది. సిస్టమ్ ఫైల్ పాడైతే ఆ పాడు ఫైలే కొత్తదాంట్లోకి వస్తుంది, లేదా మధ్యలో ఆగుతుంది. పైగా 2025 ఆగస్టులో సెక్యూరిటీ అప్‌డేటే ఈ రీసెట్‌ను చెడగొట్టింది. విండోస్ 10తో పాటు విండోస్ 11లోని 22హెచ్2, 23హెచ్2లలో రీసెట్ విఫలమయ్యేది. ఆగస్టు 19న విడిగా సవరణ ఇవ్వాల్సి వచ్చింది.

నమ్మదగిన దారి బూటబుల్ పెన్‌డ్రైవ్ (కంప్యూటర్ నేరుగా దాన్నుంచే మొదలయ్యేది) ఒక్కటే. 8 జీబీ పెన్‌డ్రైవ్, మంచి స్థితిలో ఉన్న వేరే కంప్యూటర్, మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్. ఐఎస్ఓ (ఇన్‌స్టాల్‌కు కావాల్సినవన్నీ ఉన్న ఒకే ఫైలు) దింపుకుంటే దాని షా-256 హ్యాష్‌ను (ఫైలు వేలిముద్ర లాంటిదాన్ని) మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో సరిచూడండి. ఐఎస్ఓలోని ఫైళ్లను చేత్తో కాపీ చేసి పెన్‌డ్రైవ్ తయారుచేయబోయి చాలామంది దెబ్బతింటారు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే ఫ్యాట్32 పద్ధతి ఒక్కో ఫైలుకు 4 జీబీ దాటనివ్వదు, ఐఎస్ఓలోని పెద్ద ఫైలు ఇన్‌స్టాల్.విమ్ ఇప్పుడు ఆ హద్దు దాటుతోంది. రూఫస్ లాంటి టూల్ ఆ చిక్కును తానే దాటవేస్తుంది.

వెన్నెలదారి:
చూశాను. లైటు ఆరకుండా, మిణుకు లేకుండా వెలుగుతోంది. నాలుగైదు సెకన్లకోసారి "టిక్", తర్వాత నిశ్శబ్దం. ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే క్యాప్స్‌లాక్ నొక్కితే లైటు మారుతోంది, కాస్త ఆలస్యంగా. ఇప్పుడు ఆపేసి, విండోస్‌లోని డిస్క్ మరమ్మతు కమాండ్ చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొడితే డిస్క్ బాగవుతుందా?

ఎర్రలైటు:
ఆపేయండి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. అయితే చెక్‌డిస్క్ మాత్రం వద్దు, దయచేసి. స్లాష్ ఆర్ ఆ పార్టిషన్‌లోని ప్రతి సెక్టారునూ చదువుతుంది, చెడినచోటే గంటలు గంటలు గుద్దుకుంటుంది. దానికి కావాల్సింది ఫైల్ సిస్టమ్ పొందికగా ఉండటం. మీ ఫొటోలు దక్కుతాయా లేదా అన్నది దాని లెక్కలో లేదు. పొందిక కోసం అనాథ ఎంట్రీలను (జత తెగిపోయిన ఫైలు నమోదులను) కత్తిరించేస్తుంది కూడా. ముందు కాపీ, మరమ్మతు తర్వాత.

మళ్లీ విండోస్‌లోకి బూట్ అవనివ్వకండి. ఆగిపోయిన రీసెట్ తిరిగి మొదలైనా, వెనక్కి తీసుకోవడం మొదలైనా రాతలు మొదలవుతాయి. నేరుగా ఉబుంటు (ఉచిత లినక్స్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి, "ట్రై" ఎంచుకోండి, "ఇన్‌స్టాల్" కాదు. లోపలి డిస్క్ ఐకాన్‌ను క్లిక్ చేయొద్దు, మౌంట్ అయిపోతుంది, అంటే వాడకానికి తెరుచుకుంటుంది. డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో 5, 197, 198 అంకెలు ముందున్న వరుసలు చూడండి. అవి వరుసగా మార్చిన సెక్టార్లు, తేలకుండా వేచి ఉన్నవి, అసలు చదవలేనివి. వాటి ముడి విలువ సున్నా కాకపోతే, అందులో 197 పెరుగుతూ పోతుంటే, ఇక ఆ డిస్క్ మీద మళ్లీ విండోస్ ఎక్కించే ఆలోచన మానేయండి.

తర్వాత చెడుతున్న డిస్క్‌కు కాపీ తీసే జీడీడీరెస్క్యూ ప్యాకేజీ వేసుకోండి. కమాండ్ పేరు మాత్రం డీడీరెస్క్యూ. 2 టీబీ బయటి డిస్క్ కావాలి, అది ఫ్యాట్32లో ఉండకూడదు. డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి సైజును బట్టి ఏ డిస్క్ ఏదో రూఢి చేసుకోండి. డీడీరెస్క్యూ కమాండ్‌లో మొదట మూలం (చెడిన డిస్క్), తర్వాత గమ్యం (బయటి డిస్క్‌లో ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి కాపీ ఫైలు), చివర మ్యాప్‌ఫైలు (ఎంతవరకు చదివిందో రాసుకునే ఫైలు). మూలం, గమ్యం తారుమారైతే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఎంటర్ కొట్టేముందు ఆ లైను పైకి చదవండి. మొదటి విడత చిన్న 'ఎన్' ఆప్షన్‌తో: బాగున్న భాగాలన్నీ ముందు లాగేస్తుంది, చెడిన చోట్ల దగ్గర మొండిపట్టు పట్టదు. రెండో విడత 'డీ', 'ఆర్3' ఆప్షన్లతో: మిగిలినచోట్ల మూడేసి సార్లు ప్రయత్నిస్తుంది. మ్యాప్‌ఫైలు ఉంటే మధ్యలో ఆపినా వదిలిన చోటినుంచే మొదలవుతుంది. అందుకే దాన్ని లైవ్ సెషన్‌లో ఉంచకండి, రీస్టార్ట్‌తో పోతుంది. బయటి డిస్క్‌లోనే పెట్టండి.

బూట్‌సెక్టార్:
దీనికి ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) సంగతి అడగాలి. ఈమధ్య విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు. అలాగైతే మీరు తీసే ఇమేజ్ కూడా తాళం వేసిన పెట్టె లాంటిదే. 48 అంకెల రికవరీ కీ కావాలి. సాధారణంగా అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఫోన్‌లోంచి లాగిన్ అయి ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఇమేజ్‌లో ఫైళ్లు వెతికేటప్పుడు యూజర్స్ ఒక్కటే చూసి పోయాయనుకోకండి. రీసెట్ మధ్యలో ఆగింది కాబట్టి విండోస్.ఓల్డ్‌లోనూ, డాలర్ గుర్తుతో మొదలయ్యే సిస్‌రీసెట్ ఫోల్డర్‌లోనూ చూడండి.

నిదానం:
ఈ టిక్ చప్పుడు విన్నాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఇక్కడ ఆపడమే సరి. కానీ ఈ చర్చ చదివి రేపు ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లు ఇరవై నిమిషాలకే పవర్ తీసేస్తారన్నదే నా భయం. "క్లీన్ డ్రైవ్" ఎంచుకున్న రీసెట్ డిస్క్ మొత్తం మీద మళ్లీ రాస్తుంది, పెద్ద హార్డ్ డిస్క్‌కు గంటలు పడుతుంది. అది తన పని తాను చేస్తుండగా తీసే హక్కు మనకు లేదు. ఇంకొకటి, తెరమీద తయారీదారు లోగో కింద ఫర్మ్‌వేర్ లేదా బయోస్ అప్‌డేట్ అని కనబడితే ఏ లైటు చూసీ, ఏ చప్పుడు వినీ పవర్ తీయకండి. రీస్టార్ట్ అయినప్పుడు విండోస్ అప్‌డేట్ ద్వారా అది కూడా రావచ్చు. అక్కడ కరెంటు పోతే మదర్‌బోర్డే లేవకపోవచ్చు.

ఎర్రలైటు:
ఫర్మ్‌వేర్ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఎక్కించేటప్పుడైతే ఊహించాల్సిన పనే లేదు. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల తెర తెరుచుకుంటుంది, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలపాలి. అందులో నోట్‌ప్యాడ్ అని కొట్టి, ఓపెన్‌లోకి వెళ్లి, ఫైల్ రకం "ఆల్ ఫైల్స్"గా మార్చి, పాంథర్ ఫోల్డర్‌లో సెటప్‌యాక్ట్ లాగ్ (సెటప్ చేసిన పనుల చిట్టా) తెరవండి. చివరి వరుస సమయం రాసుకోండి. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ తెరవండి. వరుసలు పెరిగితే ఆగండి. పెరగకపోతే ఆ చివరి వరుసలోనే కారణం ఉంటుంది. రీసెట్ శాతం తెరమీద ఈ కీలు చాలాసార్లు పనిచేయవు, అందుకే అక్కడ లైటూ చెవీ వాడమన్నాను.

బూట్‌సెక్టార్:
కొత్త ఎస్‌ఎస్‌డీ మీద పెన్‌డ్రైవ్‌తో ఎక్కించినా ఆగితే, ఎక్కడ ఆగుతోందో గమనించండి. ప్రతిసారీ ఒకే శాతం దగ్గరైతే పెన్‌డ్రైవ్‌నో ఐఎస్ఓనో అనుమానించండి: వేరే పెన్‌డ్రైవ్, వేరే పోర్టు. ఒక్కోసారి ఒక్కోచోట, ఒక్కో ఫైలు పేరుతో, 80070570 అనో 80070017 అనో ఎర్రర్ వస్తుంటే ర్యామ్‌ను కూడా అనుమానించండి. మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు నడపండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి.

డిస్కే జాబితాలో కనిపించకపోతే, 11వ తరం ఇంటెల్ నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఉన్న వీఎండీ (డిస్క్‌ను ఇంటెల్ కంట్రోలర్ వెనక ఉంచే అమరిక) కారణం కావచ్చు. తయారీదారు సైట్‌లోని ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టి "లోడ్ డ్రైవర్" నొక్కండి.

మధ్యలో పవర్ పోయి "కంప్యూటర్ అనుకోకుండా రీస్టార్ట్ అయింది, ఇన్‌స్టలేషన్ కొనసాగదు" అని తిరుగుతుంటే రిజిస్ట్రీ చిట్కా ఉంది. షిఫ్ట్ ఎఫ్10, రెజ్‌ఎడిట్, లోకల్ మెషీన్ కింద సిస్టమ్, సెటప్, స్టేటస్, చైల్డ్‌కంప్లీషన్. అందులో సెటప్.ఈఎక్స్ఈ విలువ 1 ఉంటే 3 చేసి రీస్టార్ట్ చేయండి.

నిదానం:
ఆ చిట్కాతో డెస్క్‌టాప్ దాకా వెళ్లొచ్చు గానీ, దాన్ని పరిష్కారం అనకండి. పూర్తవని దశను పూర్తయిందని సెటప్‌కు చెప్పడమే అది. సగం ఎక్కిన డ్రైవర్లు, సగం అమరిన సెట్టింగ్స్ అలాగే ఉండిపోతాయి, ఆ తర్వాత ఏ అప్‌డేట్ దగ్గరో బయటపడతాయి. ఫైళ్లు బయటికి తీసుకోవడానికి ఒకసారి వాడి, మళ్లీ శుభ్రంగా ఎక్కించుకోవాలి.

బూట్‌సెక్టార్:
పాత డేటా ఉన్న డిస్క్‌కైతే మీరన్నదే సరి. ఖాళీ డిస్క్‌లో అసలు ఆ చిట్కా జోలికే పోవద్దు. అదే నల్ల తెరలో వరుసగా ఈ కమాండ్లు: డిస్క్‌పార్ట్, లిస్ట్ డిస్క్, సైజు చూసి సెలెక్ట్, క్లీన్ (డిస్క్‌లోని పార్టిషన్లన్నీ తీసేస్తుంది), కన్వర్ట్ జీపీటీ, మొదటి నుంచి మొదలు. మిగతా డిస్కులన్నీ ముందే విప్పేయండి. క్లీన్ కొట్టే తెరమీద "ఖచ్చితమేనా?" అని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

వెన్నెలదారి:
ఆపేశాను, రికవరీ కీ దొరికింది, రాసిపెట్టుకున్నాను. డీడీరెస్క్యూ మొదటి విడత నడుస్తోంది. సగం దాటింది, ఇప్పుడు రేటు ఒక్కసారిగా కిలోబైట్లలోకి పడిపోయింది. ఆపి రెండో విడతకు వెళ్లనా?

ఎర్రలైటు:
ఆపకండి. చెడిన ప్రాంతంలో ఉంది, మొదటి విడతలో అలాంటి చోట్లను తానే గెంతి ముందుకు పోతుంది. "రెస్క్యూడ్" అంకె పెరుగుతున్నంతసేపు వదిలేయండి. పెరగడం పూర్తిగా ఆగి, "టైమ్ సిన్స్ లాస్ట్ సక్సెస్‌ఫుల్ రీడ్" పెరుగుతూనే ఉంటే కంట్రోల్ సీ కొట్టి, డిస్క్‌ను ఒక గంట చల్లారనిచ్చి, అదే మ్యాప్‌ఫైలుతో పెద్ద 'ఆర్' కలిపి వెనకనుంచి చదివించండి. చెడిన మచ్చకు అవతలి వైపున్నదంతా ముందు చేతికొస్తుంది.