సెలవులు, ఎండ, ఇద్దరు పిల్లలు: ఫోన్ పక్కన పెట్టించి ఇంట్లో ఏం చేయించవచ్చు?

మూడో అంతస్తు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదు. బెజవాడలో అపార్ట్‌మెంటు. బడులు మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. పదకొండు దాటితే పిల్లల్ని బయటికి పంపే ఎండ కాదు, సాయంత్రం అయిదున్నర దాకా నాలుగు గోడల మధ్యే. మాకు తూర్పు వైపు బాల్కనీ ఉంది. ఏడు నుంచి పదకొండున్నర దాకా నేరుగా ఎండ తగులుతుంది. మేడ మీదికి వెళ్లొచ్చు కానీ కోతుల బెడద.

పిల్లలు తమ చేతులతో చేసేవి కావాలి. పెద్దగా ఏమీ కొనకూడదు. ఇద్దరి వయసుకీ సరిపడాలి, లేకపోతే చిన్నవాడు పావుగంటలో లేచిపోతాడు. తినేవి కూడా చెప్పండి, అయితే పిల్లల్ని పొయ్యి దగ్గర నిలబెట్టే పని వద్దు. దయచేసి కొలతలతో చెప్పండి. "తగినంత" అంటే నాకు తెలియదు.

వడియాల పిన్ని

రోజుకో కొత్త పని వెతక్కండమ్మా, నాలుగో రోజుకి మీరే అలిసిపోతారు. నాలుగైదు రోజులు సాగే పని ఒకటి పట్టుకోండి. పొద్దున గంటసేపు పిల్లలు చేస్తారు, తర్వాత ఎండ చేస్తుంది, సాయంత్రం వెళ్లి ఎండిందో లేదో వాళ్లే చూసుకుంటారు. అందుకు సగ్గుబియ్యం వడియాలను మించింది లేదు.

ఒక గ్లాసు సగ్గుబియ్యం రాత్రి రెండు గ్లాసుల నీళ్లలో నానబెట్టండి. పొద్దున్నే నాలుగు గ్లాసుల నీళ్లు మరిగించి, నానినదంతా నీళ్లతో సహా అందులో పోసి సన్నని సెగ మీద కలుపుతూ ఉండండి. పదిహేను ఇరవై నిమిషాల్లో గింజ అద్దంలా అవుతుంది. గింజ మధ్యలో తెల్లటి చుక్క కనిపిస్తే ఉడకనట్టే. అలా వదిలేస్తే వడియం వేగాక కూడా అక్కడ రాయిలా పంటికి తగులుతుంది. నాలుగు పచ్చిమిర్చి నూరిన ముద్ద, చెంచా జీలకర్ర, ముప్పావు చెంచా ఉప్పు చివర్లో వేయండి. రుచి చూస్తే ఉప్పు తక్కువనిపిస్తుంది, అలాగే ఉండనివ్వండి. నీరంతా ఎగిరిపోయాక ఉప్పు తేలుతుంది.

చల్లారేకొద్దీ జావ చిక్కబడుతుంది కాబట్టి, గరిటె నుంచి ధారగా కాస్త జారుతుండగానే దించేయండి. పొయ్యి మీదే ముద్ద కానిస్తే చెంచాకు అంటుకుని దిమ్మలుగా పడతాయి, లోపల ఎండవు. మరీ పలచనైతే జల్లెడలా పరుచుకుని, తీసేటప్పుడు ముక్కలవుతాయి. ఇక్కడిదాకా పెద్దవాళ్ల పని. వేలు పెట్టి ఓర్చుకోగలిగేంత గోరువెచ్చగా అయ్యాక గిన్నె పిల్లలకివ్వండి. మందపాటి ప్లాస్టిక్ షీటు మీద వడియానికి ఒక చెంచా, చెంచా వీపుతో ఒక్కసారి తిప్పితే రెండంగుళాల బిళ్ల. బాబు వేసినవి గుండ్రంగా రావు, సరిదిద్దకండి. మందం ఒక్కటి చూసుకుంటే చాలు.

రంగు కోసం బీట్‌రూట్ రసం పోయమంటారు కొందరు. ఆ రంగు ఎండకు కొంత, నూనె వేడికి మిగతాది పోతుంది. పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. నల్ల నువ్వులు చల్లితే వేగాక కూడా కనిపిస్తాయి.

పాతపేపరు

పిన్నిగారి మాటే నాదీ, నేను చెప్పేదీ ఎండ పనే. మన ఇళ్లలో పాత కాగితాలు నానబెట్టి, రుబ్బి, మెంతిముద్ద కలిపి బుట్టలు చేసేవారు. పిల్లలకు ఇంతకన్నా మంచి చేతిపని నాకు తెలీదు. మెత్తటి గుజ్జు, ఎంత పిసికినా తప్పులేదు, చివరికి నిజంగా వాడుకునే వస్తువు వస్తుంది.

పాత దినపత్రికలు పావుకిలో, మెంతులు 50 గ్రాములు. రెండు చిన్న బుట్టలు వస్తాయి. కాగితాలను రూపాయి బిళ్లంత ముక్కలుగా చింపడం బాబు పని. నున్నగా మెరిసే రంగుల పేజీలు తీసి పక్కన పెట్టండి, వాటి పూత వల్ల అవి సరిగా నానవు, గుజ్జులో పెచ్చులుగా మిగులుతాయి. బకెట్లో రెండు రోజులు నాననివ్వండి, రోజూ నీళ్లు మార్చండి. మార్చకపోతే కంపు కొడుతుంది. తర్వాత మిక్సీలో గుప్పెడు కాగితానికి గ్లాసు నీళ్లు పోసి, పది సెకన్లు తిప్పి ఆపుతూ మెదపండి. జారు నిండా కుక్కితే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. గుజ్జును పాత పంచెలో మూటగట్టి, చుక్క కారనంత వరకు పాప చేత పిండించండి.

మెంతులు రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. జిగురంతా వాటిదే, ఆ చేదు వల్ల పురుగూ తొందరగా పట్టదు. రెండూ కలిపి చపాతీ పిండిలా మర్దించండి. ముద్ద చేసి నొక్కితే అంచులు చీలకూడదు. చీలితే రెండు చెంచాల నీళ్లు చిలకరించి మళ్లీ పిసకండి.

స్టీలు గిన్నె బోర్లించి పాలిథిన్ కవరు తొడగండి. పైనుంచి, అంటే బుట్ట అడుగు నుంచి మొదలుపెట్టి, తడి అరచేత్తో తడుతూ కిందికి రావాలి. అర సెంటీమీటరు మందం, అంతటా ఒకేలా. పిల్లలు అడుగున దిమ్మగా పెట్టి అంచు దగ్గర పలచన చేస్తారు. అప్పుడు అంచు ముందు ఎండి ముడుచుకుంటుంది, అడుగు పచ్చిగా ఉండి బూజు పడుతుంది. ఇంకో సంగతి, మొదటి రోజు నీడనే ఉంచండి. నేరుగా ఎండలో పెడితే పైపొర బిగుసుకుని నెర్రెలిస్తుంది. రెండో రోజు పైభాగం గట్టిపడగానే గిన్నె నుంచి ఊడదీసి, లోపలి వైపు ఎండకు తిప్పండి. గిన్నె మీదే పూర్తిగా ఎండనిస్తే గుజ్జు బిగుసుకుపోతుంది, గిన్నె బిగుసుకోదు కదా, పగులు ఖాయం. సన్నటి పగుళ్లలో మిగిలిన గుజ్జు కూరండి. రంగు వేసే ముందు తెల్లకాగితం పీలికలు మైదా జిగురుతో అతికిస్తే, వేసిన రంగు వేసినట్టు కనిపిస్తుంది.

జిగురుకి రెండు పెద్ద చెంచాల మైదా, ఒక గ్లాసు చన్నీళ్లు. ఉండల్లేకుండా కలిపాకే పొయ్యి మీద పెట్టాలి. పారదర్శకంగా అవగానే దించండి. ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది. పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసే అలవాటు కొందరికి ఉంది. అది విషం, పిల్లలు ముట్టుకునే జిగురులో వద్దే వద్దు.

మూడో అంతస్తు

ఇద్దరికీ చాలా థాంక్స్. పిన్నీ, మా బాల్కనీలో నాలుగున్నర గంటల ఎండే కదా, వడియాలు ఎండుతాయా? ప్లాస్టిక్ షీటు బదులు పాత చీర వాడొచ్చా? మధ్యాహ్నం పూట ఆడుకోవడానికి ఏదైనా చెప్పండి ఎవరైనా.

వడియాల పిన్ని

ఎండుతాయి. ఎడతెగని ఎండలో రెండు రోజులు పట్టేది మీకు మూడు నాలుగు రోజులు. పదకొండున్నరకి ఇంట్లోకి తెచ్చి ఫ్యాను కింద ఆరబెట్టండి, మూతపెట్టి ఉంచితే చెమర్చి వాసనొస్తుంది. మొదటి రోజు సాయంత్రం అంచులు లేచినవాటిని తిరగేయండి. వడియాన్ని వంచితే టక్కున విరగాలి, సాగితే ఇంకా చెమ్మ ఉన్నట్టు. చెమ్మ ఉన్నది నూనెలో పొంగదు, నూనె పీల్చుకుంటుంది. నూనె చాలినంత కాగకపోయినా అంతే. చిన్న ముక్క వేస్తే వెంటనే పైకి తేలాలి.

పాత నూలు చీర భేషుగ్గా పనికొస్తుంది. తడిపి, నీళ్లు పిండేసి పరచండి. ఎండాక చీర తిరగేసి వెనకవైపు నీళ్లు చిలకరించి రెండు నిమిషాలు ఆగితే ఊడి వస్తాయి, మళ్లీ ఒక పూట ఎండపెట్టాలి. మొదటిసారికి షీటే సుఖం.

అష్టాచెమ్మా

మధ్యాహ్నానికి అష్టాచెమ్మా. కొనేది ఏమీ లేదు. నేల మీద సుద్దముక్కతో అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్లు గీయండి. నాలుగు వైపులా నడిమి గడిలోనూ, అన్నిటికీ మధ్యనున్న గడిలోనూ అడ్డగీతలు కొట్టండి. ఆ అయిదింట్లో ఉన్న కాయను చంపకూడదు.

గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు. గరుకు నేల మీద ఒక వైపు తోలు పోయి తెల్లగా కనిపించేదాకా అరగదీయాలి. పిల్లలకు ఇది ఒక పూట పని, ఒళ్లు మరిచి చేస్తారు. మరీ లోతుగా అరిగితే పిక్క ఒకే వైపు పడుతుంటుంది. ఒక్కోదాన్ని ఇరవైసార్లు వేసి చూడండి, పద్నాలుగు సార్లకు మించి ఒకే వైపు పడితే మార్చేయండి.

ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు. నాలుగూ తెలుపైతే చెమ్మా, నాలుగు. ఒక్కటీ తెలుపు కాకపోతే అష్టా, ఎనిమిది. ఈ రెండూ పడినా, ఎదుటి కాయను చంపినా ఇంకో పందెం. పిక్కలు సమంగా ఉంటే పదహారింట్లో ఆరుసార్లు రెండే పడుతుంది, అష్టా ఒక్కసారే. పాపకు తొమ్మిదేళ్లు కదా, వంద పందేలు రాసి లెక్క చూసుకోమనండి, ఇష్టంగా చేస్తుంది.

కాయ తన ఇంటి నుంచి, అంటే తన వైపున్న అడ్డగీతల గడి నుంచి, బయటి గళ్లన్నీ చుట్టి, లోపలి వరసలోకి మళ్లి ఎదురు దిక్కుగా తిరిగి నడిమి గడిలో పండాలి. మొత్తం 24 గళ్లు. ఒక్క కాయనైనా చంపనిదే లోపలికి వెళ్లకూడదన్నది అసలు రుచి. మనిషికి నాలుగు కాయలైతే ఆట సాగుతుంది, బాబు ఓపిక పట్టలేడు. రెండేసి కాయలతో మొదలుపెట్టండి. చావు దగ్గర ఏడిస్తే మొదటి రెండు రోజులు చంపుడు తీసేయండి, కానీ ఆ తర్వాత తప్పకుండా పెట్టండి. అది లేకుండా పెద్దదానికి ఆట చప్పగా ఉంటుంది.

వామన గుంటల పీట లేకపోయినా 30 గుడ్ల అట్ట ట్రే చాలు. దాన్లో వరసకు ఆరు గుంటలే ఉంటాయి. రెండు వరసలు కత్తిరించి, చివర ఒక్కో గుంట మైదా జిగురుతో అతికిస్తే ఏడేడు పద్నాలుగు. గుంటకు అయిదు చొప్పున 70 పిక్కలు. మూడేళ్లలోపు పిల్లలు ఇంటికొచ్చినప్పుడు మాత్రం పిక్కలు తీసి దాచేయండి, గొంతులో అడ్డం పడే సైజు.

రసాల బుట్ట

తాండ్ర ఎవరూ చెప్పలేదేం? ఇది మామిడి రోజుల్లో తప్ప కుదరదు. ఆత్రేయపురం వైపు తాటాకు చాపల మీద పొర మీద పొర పోస్తారు, మీకు నెయ్యి రాసిన స్టీలు పళ్లెం చాలు.

రసాలు రెండు కిలోలు. తొడిమ దగ్గరి సొన తగిలితే పిల్లల పెదాలు, బుగ్గలు పొక్కుతాయి. కాయల్ని గంటసేపు నీళ్లలో వేసి, తొడిమ భాగం కోసి పారేశాకే చేతికివ్వండి. పిసికి రసం తీయడం పిల్లల పని, వడగట్టడం మీ పని. పీచు మిగిలితే తాండ్ర నోట్లో నారలా తగులుతుంది. లీటరు రసానికి వంద గ్రాముల చక్కెర వేసి, బుడగలు వచ్చేదాకా కాచి చల్లార్చండి. కాచకపోతే మీ కొద్దిపాటి ఎండకు పులిసిపోతుంది.

రోజుకో పొర, రెండు మూడు మిల్లీమీటర్లే. మిగతా రసం ఫ్రిజ్‌లో ఉండాలి. పొర మీద వేలు పెడితే అంటుకోకూడదు, అప్పుడే రెండోది. తొందరపడి మందంగా పోస్తే పైన తోలు కట్టి లోపల తడి నిలిచిపోతుంది, వారానికల్లా బూజు. పళ్లెం మీద పలచటి గుడ్డ బిగించి కట్టండి, ఈగలు రాకుండా. బాల్కనీకి గ్రిల్ ఉంది కదా? లేకపోతే కోతులకు పెట్టినట్టే. అయిదు పొరలయ్యాక నెయ్యి రాసిన చాకుతో కోసి గాజు సీసాలో పెట్టండి.

బంగినపల్లితో కూడా వస్తుంది కానీ దాన్ని ముక్కలుగా తినడమే న్యాయం.

ముంత మసాలా

నాలుగు గంటల ఆకలికి పిడత కింద పప్పు. మరమరాలు నాలుగు కప్పులు, వేయించిన వేరుశనగలు అరకప్పు, పుట్నాలు పావుకప్పు, ఒక ఉల్లిపాయ, ఒక టమాటా, అరచెక్క నిమ్మరసం, అర చెంచా కారం, అంతే ఉప్పు. కలిపిన రెండు నిమిషాలకే మెత్తబడుతుందని అందరి ఫిర్యాదు. టమాటాలో గింజలు, నీరు తీసేయండి. మరమరాల్ని పొద్దునే వట్టి మూకుట్లో మూడు నిమిషాలు వేయించి డబ్బాలో పెట్టండి. కలిపేటప్పుడు వాటికి ముందు చెంచా నూనె పట్టించండి, తడి తొందరగా లోపలికి దిగదు. ఉల్లి, టమాటా, నిమ్మ, ఉప్పు వేరే గిన్నెలో కలిపి, మరమరాలు అన్నిటికన్నా చివర. పిల్లలకు కాగితం పొట్లం చుట్టడం నేర్పండి, అయితే తెల్లకాగితంతోనే.

రసాల బుట్ట గారి మామిడి రసంలో ఒక కప్పు పక్కకు తీసి, అరకప్పు నీళ్లు, రెండు చెంచాల చక్కెర కలిపి చిన్న స్టీలు గ్లాసుల్లో పోస్తే పుల్ల ఐస్. చక్కెర బొత్తిగా లేకపోతే పలుగురాయిలా గడ్డకడుతుంది, ఎక్కువైతే గడ్డే కట్టదు. పుల్ల మొదటే గుచ్చితే పక్కకు ఒరుగుతుంది, గంటన్నర ఆగి సగం గడ్డకట్టాక గుచ్చండి. తీసేటప్పుడు గ్లాసును మామూలు నీళ్లలో పావు నిమిషం ముంచితే చాలు, ముంచకుండా పుల్ల పట్టుకుని లాగితే పుల్లొక్కటే వస్తుంది.

మూడో అంతస్తు

గ్రిల్ ఉందండీ. రేపు సగ్గుబియ్యం నానబెడుతున్నాం, కాగితాలు ఇవాళే చింపడం మొదలైంది. పాతపేపరు గారూ, ఒక్క అనుమానం. ఆ బుట్టల్లో వడియాలు, తాండ్ర పెట్టుకోవచ్చా?

పాతపేపరు

వద్దండి. పేపరు సిరా ఉంటుంది, పైగా మనం వేసిన రంగులు. తినే వస్తువు దానికి నేరుగా తగలకూడదు. చింతపిక్కలు, అష్టాచెమ్మా కాయలు, రంగు పెన్సిళ్లు పెట్టుకోండి. తడి తగిలితే మెత్తబడుతుంది, వానలు మొదలయ్యాక కిటికీ పక్కన మాత్రం ఉంచకండి.