విమానం ప్రతిసారీ ‘కుప్పకూలాలా’?

అనువాదకురాలు (ప్రశ్న): రెండో ప్రపంచ యుద్ధం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1943 ఏప్రిల్ 4న లిబియాలోని సొలూక్ స్థావరం నుంచి నేపుల్స్ రేవు మీద దాడికి అమెరికన్ బాంబర్లు బయల్దేరాయి. వాటిలో ‘లేడీ బీ గుడ్’ అనే బి-24 ఒకటి. లోపల తొమ్మిది మంది, ఆ జట్టుకి అదే మొదటి దాడి. లక్ష్యం మీద బాంబులు వేయకుండానే వెనక్కి తిరిగింది. చీకట్లో స్థావరాన్ని పోల్చుకోలేక, దాన్ని దాటి సుమారు రెండు గంటలు ఎడారి లోపలికి ఎగిరింది. ఇంధనం అయిపోవస్తుంటే అందరూ పారాచూట్లతో దూకేశారు. ఖాళీ విమానం ఇంకో 26 కిలోమీటర్లు తనంతట తనే పోయి, పొట్ట మీద జారుతూ ఆగింది. దీన్ని ‘తిరుగు ప్రయాణంలో ఎడారిలో కుప్పకూలింది’ అని రాశాను గానీ మనసొప్పడం లేదు. ఏమంటారు?

తెలుగు మాస్టారు: ఒప్పకపోవడమే మంచిదమ్మా. నిలబడ్డది ఉన్నచోటే ముద్దగా పడిపోతే కుప్పకూలడం. గుండె ఆగిన మనిషి, పునాది కదిలిన మేడ అలా పడతాయి. పత్రికల పుణ్యమా అని షేర్ మార్కెట్టూ, క్రికెట్ జట్టూ, విమానమూ అన్నీ ఒకేలా కుప్పకూలుతున్నాయి. మీ విమానం తోక దగ్గర విరిగిందేమో గానీ కుప్ప కాలేదు కదా?

అనువాదకురాలు: రెక్కల వెనక విరిగిందండి, మిగతాదంతా దాదాపు అలాగే ఉంది. 1959లో మనుషులు దాని దగ్గరికి చేరేసరికి మెషిన్ గన్ పేలింది, రేడియో పనిచేసింది, కొంత తిండీ నీళ్ళూ కూడా ఉన్నాయట.

వరంగల్ సభ్యుడు: మా దిక్కు సీదా ‘విమానం పడ్డది’ అంటం. దాంట్ల కుప్ప లేదు, ఏం లేదు.

మాస్టారు: పడ్డది బాగుంది. కూలింది అన్నా తప్పు లేదు. కాలు–కాల్చు, పేలు–పేల్చు లాగే కూలు–కూల్చు. శత్రువు కొడితే ‘కూల్చారు’, ఎవరూ కొట్టకుండా పడితే ‘కూలింది’. దీన్ని ఎవరూ కొట్టలేదు కాబట్టి ఆ తేడా పోగొట్టొద్దు. ‘కూల్చివేత’ అని శీర్షిక పెట్టారో, కథే మారిపోతుంది.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉంటున్న సభ్యురాలు: కుప్పకూలింది అన్న మాటని పూర్తిగా వెలివేయకండి. మా ఊళ్ళో ఎండ్‌క్లిఫ్ పార్కు ఉంది. 1944 ఫిబ్రవరి 22న డెన్మార్క్ వైపు దాడికెళ్ళి దెబ్బతిని తిరిగొస్తున్న ‘మి అమీగో’ అనే బి-17 బాంబరు అక్కడ చెట్ల మధ్య పడింది. పది మందీ పోయారు. దానికి ఆ మాట సరిపోతుంది.

విజయవాడ సభ్యుడు: నా పేచీ ‘తిరుగు ప్రయాణంలో’ దగ్గర. బస్సులో నిద్రపోయి మన ఊరు దాటిపోయాక పక్కూళ్ళో దిగితే తిరుగు ప్రయాణం అంటామా? ఇల్లు దాటి వందల కిలోమీటర్లు పోయారు.

అనువాదకురాలు: వాళ్ళ లెక్కలో మాత్రం అది తిరుగు ప్రయాణమే అన్నా! ఇంకా సముద్రం మీదే ఉన్నామనుకున్నారు. చాలామంది చెప్పే వివరణ ఇదీ: నేల మీది దిక్సూచన యంత్రం విమానం పంపే సిగ్నల్ ఏ గీత మీద ఉందో చెప్పగలదు గానీ, అది ఆ గీతలో ముందు నుంచా వెనక నుంచా వస్తోందన్నది చెప్పలేదు. స్థావరం దాటేశాక విమానంలోవాళ్ళు దారి అడిగినా, ఇంకా ఉత్తరాన సముద్రం మీంచి వస్తున్నారనే అనుకుని నేల మీదివాళ్ళు జవాబిచ్చారు.

విజయవాడ సభ్యుడు: అయితే ‘స్థావరం దాటిపోయి’ అన్న ముక్క తప్పనిసరిగా చేర్చండి. అది లేకపోతే చదివేవాడికి సగమే తెలుస్తుంది.

అనువాదకురాలు: ఇంకో చిక్కు. మూలంలో సిబ్బంది గురించి ఉన్నదానికి ‘నేలకొరిగారు’ అని రాశాను.

మాస్టారు: అది యుద్ధభూమిలో దెబ్బ తిన్నవాడికి వాడతాం. వీళ్ళకేమైంది?

అనువాదకురాలు: ఒకరి పారాచూట్ సరిగా విచ్చుకోలేదు. మిగతా ఎనిమిది మందీ కలుసుకుని, సముద్రం దగ్గరే ఉందనుకుని ఉత్తరంగా నడిచారు. నీళ్ళూ రేడియో ఉన్న విమానం దక్షిణాన ఉండిపోయింది. సగం సీసా నీళ్ళు, రోజుకి మనిషికి ఒక మూతెడు. కో పైలట్ టోనర్ డైరీ ఏప్రిల్ 12 వరకూ ఉంది. ఐదుగురు సుమారు 130 కిలోమీటర్లు నడిచి ఆగిపోయారు, ముగ్గురు సాయం కోసం ఇంకా ముందుకెళ్ళారు. వాళ్ళలో ఒకరి అవశేషాలు అధికారికంగా దొరకనే లేదు.

మాస్టారు: అలాంటప్పుడు అలంకారం ఎందుకు? ‘నడిచి నడిచి చనిపోయారు’ అనండి. మూతెడు నీళ్ళు మాత్రం వదలకండి, అదే చాలు.

వరంగల్ సభ్యుడు: గట్లనే ‘దాహార్తితో అసువులు బాసారు’ అని రాసేటోళ్ళు ఉంటరు, జర జాగ్రత్త.

అనువాదకురాలు: సరే, ఇలా మార్చాను: ‘స్థావరం దాటిపోయినట్టు తెలియక ఎడారి మీదికి వెళ్ళిపోయిన విమానం, అందరూ దూకేశాక ఒంటరిగా ఎగిరి కలాన్షియో ఇసుక సముద్రం దగ్గర కూలింది. 1958లో చమురు అన్వేషకులు దాని శకలాలను గుర్తించారు.’

మాస్టారు: ‘ఒంటరిగా’ వద్దు, ‘పైలట్ లేకుండానే’ అనండి. శకలాలు కూడా తీసేయండి, రెండు ముక్కలైందానికి అంత మాటెందుకు? ‘విమానాన్ని గాల్లోంచి చూశారు’ అంటే సరి.