‘నేను నేనే’ అనే వాక్యం: ఎవాంగెలియన్ నుంచి గుర్రెన్ లగాన్ దాకా

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ‘సెల్ఫ్ లవ్’ని తెలుగులో ఏమనాలి అన్నదగ్గర మా తమ్ముడికీ నాకూ వాదన మొదలైంది. నేను ఎవాంగెలియన్ అభిమానిని, వాడు గుర్రెన్ లగాన్ అభిమాని. రెండూ జపాన్ రోబో యానిమేలే, అంటే టీవీలో వచ్చిన బొమ్మల ధారావాహికలు. రెండింటిలోనూ ఒక పిరికి కుర్రాడు చివరికి తనను తాను ఒప్పుకుంటాడు. మొదటిదాని ప్రభావం రెండోదాని మీద ఉందని నేనంటాను. ‘అదేం లేదక్కా’ అని వాడంటాడు. ‘ఆత్మప్రేమ’ అనే మాట వీటికి సరిపోతుందా? జపనీస్ తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
మంచి ప్రశ్న అడిగారండీ. ముందు మాట సంగతి తేల్చేద్దాం. ‘ఆత్మప్రేమ’కి దగ్గరగా జపనీస్‌లో ‘జికోఆయ్’ ఉంది, కానీ మనస్తత్వశాస్త్రంలో దాని అర్థం తన మీద తనకున్న మోహం. మన ‘ఆత్మాభిమానం’ గౌరవం వైపు, పౌరుషం వైపు పోతుంది. అదీ సరిపోదు. మీరు చెప్పిన సన్నివేశాల్లో అసలు ఇలాంటి నామవాచకమే లేదు. ఆ పిల్లలు మాట్లాడేది మామూలు ఇంటి భాష. అందుకే పదం వెతకడం మానేసి వాక్యాలు చూడాలి.

ఎవాంగెలియన్ చివరి భాగం, అంటే 26వది, 1996 మార్చి 27న వచ్చింది. దర్శకుడు హిదెఆకి అన్నో, స్టూడియో గైనాక్స్. అందులో హీరో షింజి చివరికొచ్చేసరికి వరసగా కొన్ని చిన్న వాక్యాలు చెబుతాడు. మొదటిది ‘బొకు వ బొకు గ కిరై ద’. దీన్ని ‘నేను నన్ను ద్వేషిస్తున్నాను’ అని రాస్తే ఇంగ్లీషు వాసన కొడుతుంది. మనకు ‘నాకు నేను నచ్చను’ ఉంది కదా! ఇక్కడ క్రియ ఎవరితో ఏకీభవిస్తుందో గమనించండి. ‘నాకు నువ్వు నచ్చవు’లో ‘వు’ వస్తుంది, ‘నాకు వాడు నచ్చడు’లో ‘డు’ వస్తుంది. అంటే నచ్చేవాడే కర్త. ‘నాకు నేను నచ్చను’ అన్నప్పుడు ఒకే మనిషి రెండు చోట్ల నిలబడతాడు, చూసేవాడుగా ఒకచోట, చూడబడేవాడుగా ఇంకోచోట. షింజి బాధ అంతా ఆ రెండు స్థానాల మధ్యే ఉంది. జపనీస్‌లోనూ ఇష్టాయిష్టాలు చెప్పేటప్పుడు ఆ రెండో ‘నేను’కి సాధారణంగా కర్తకు వచ్చే ‘గ’ ప్రత్యయమే వస్తుంది. (ఇంత పోలిక కనిపించిందని రెండు భాషలకూ చుట్టరికం కలపకండి, అది వేరే చర్చ.)

ఆ తర్వాతి మెట్లు తెలుగులో చెప్తాను: ‘కానీ నచ్చుతానేమో. నేను ఇక్కడ ఉండొచ్చేమో. నేను నేనే. నేను నేనుగా ఉండాలనుంది. ఇక్కడ ఉండాలనుంది. నేను ఇక్కడ ఉండొచ్చు!’ ‘ఏమో’తో మొదలై, ‘ఉండాలనుంది’ దాటి, ఏ ‘ఏమో’ లేని ‘ఉండొచ్చు’ దగ్గరికి చేరతాడు. మూలంలో ఆ చివరి మాట ‘ఇతె మొ ఈ’. ‘ఇతె’ అంటే ఉండి, ‘మొ’ అంటే కూడా, ‘ఈ’ అంటే మంచిది. విడగొట్టి చూస్తే మన ‘ఉన్నా ఫర్వాలేదు’ నిర్మాణమే. అంటే షింజి తనను మెచ్చుకోవడం లేదు, బతికి ఉండటానికి తనకు తాను అనుమతి ఇచ్చుకుంటున్నాడు. నా దృష్టిలో ఈ కథలో సెల్ఫ్ లవ్ అంటే ఇంతే. ఇంత తక్కువ అడిగాడు కాబట్టే అది గుండెకు తగులుతుంది.

ఇప్పుడు గుర్రెన్ లగాన్. 2007 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా 27 భాగాలు. అదే గైనాక్స్. దర్శకుడు హిరొయుకి ఇమాయిషి ఎవాంగెలియన్‌లో జూనియర్ యానిమేటర్‌గా పనిచేసి ఎదిగినవాడే. 8వ భాగంలో, హీరో షిమోన్ ‘అన్నా’ అని పిలిచే కమినా చనిపోతాడు. షిమోన్ కుంగిపోతాడు, కమినా బొమ్మలు చెక్కుతూ కూర్చుంటాడు. 11వ భాగంలో లేచి, తాను కమినా కాదనీ, తాను తానేననీ, గుంతలు తవ్వే షిమోన్‌ననీ అరుస్తాడు. ఆ మధ్య వాక్యం ‘ఒరె వ ఒరె ద’. షింజి అన్నది ‘బొకు వ బొకు ద’. మారింది సర్వనామం ఒక్కటే.

తెలుగులో రెండూ ‘నేను నేనే’ అయిపోతాయి. మన చేతిలో ఒకటే ‘నేను’ ఉంది. ‘బొకు’ మగపిల్లలు మెత్తగా, అణకువగా అనే ‘నేను’. దాన్ని రాసే చైనా అక్షరానికి సేవకుడు అనే అర్థం కూడా ఉంది. ‘ఒరె’ రొమ్ము విరుచుకుని అనే ‘నేను’.

మరొకరి మాట:
క్షమించాలి, ఇందులో ప్రభావం ఎక్కడుందండీ? ‘నేను నేనే’ అని ఎవరైనా అంటారు. గుర్రెన్ లగాన్ రచయిత కజుకి నకషిమా, గెట్టర్ రోబో అనే పాత రోబో కథను గీసిన కెన్ ఇషికావా మాంగాలకు (జపనీస్ బొమ్మల కథలకు) ఎడిటర్‌గా చేసినవాడు. డ్రిల్లులు, రోబోలు కలిసిపోవడం, వేడి రక్తం (అంటే ఉరకలేసే ఆవేశం), ఇవన్నీ అటునుంచి వచ్చినవే.

జవాబు:
మీరన్నది నిజమే. రోబోల వంశం గెట్టర్‌దే, దాన్ని కాదనను. కానీ వేడి రక్తపు కథలో హీరో మూడు భాగాలపాటు మంచం పట్టినట్టు కూలబడటం, ‘నేనెవరిని’ అన్న ప్రశ్నకు జవాబు దొరికాకే లేవడం పాత రోబో కథల తీరు కాదు. ఆ ప్రశ్నను ఆ స్టూడియోలో అంత గట్టిగా వేసింది ఎవాంగెలియన్. 26వ భాగాలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. షింజికి ఇంకో జీవితం కనిపిస్తుంది: మామూలు బడి, ఆలస్యంగా లేవడం, పొద్దున్నే గొడవ. అదీ తనలోని ఒక అవకాశమే అని తెలుసుకుంటాడు. షిమోన్ బృందం కూడా తాము బతకని జీవితాల చిక్కులో పడుతుంది, అక్కడ షిమోన్‌కి కమినా మళ్లీ ఎదురవుతాడు. ఇమాయిషి, నకషిమా ఈ పోలికను కావాలని పెట్టారని నేను అనను. ప్రశ్న అక్కడిదే, జవాబు మాత్రం వీళ్లది అంటాను.

ఆ జవాబు తెలుగువాళ్లకు మహా సులువుగా అందుతుంది. మొదటి భాగంలో కమినా అంటాడు: ‘నిన్ను నమ్మకు. నన్ను నమ్ము. నిన్ను నమ్మే నన్ను నమ్ము.’ ఇంగ్లీషులో ‘ద మీ దట్ బిలీవ్స్ ఇన్ యూ’ అని సాగదీయాల్సి వచ్చింది. మనకు ‘నమ్మే’ అనే విశేషణం ‘నన్ను’ ముందు హాయిగా కూర్చుంటుంది. చనిపోయే ముందు అదే మాటను తిప్పుతాడు: ‘నేను నమ్మే నువ్వు కాదు, నువ్వు నమ్మే నేను కాదు, నువ్వు నమ్మే నిన్ను నమ్ము.’ విభక్తులు ఒక్కొక్కటిగా మారుతూ అన్న తప్పుకుంటాడు, తమ్ముడొక్కడే మిగులుతాడు. షింజి చుట్టూ అందరూ నిలబడి ‘అభినందనలు’ అంటే, ఇక్కడ ఆ చెప్పే మనిషే లేకుండా పోతాడు. కమినాని ఎన్నడూ చూడని నియా అనే అమ్మాయి షిమోన్ పక్కనుండటం కూడా అందుకే ముఖ్యం. ఆమెకు షిమోన్‌ని పోల్చడానికి ఎవరూ లేరు.

ప్రశ్న అడిగినవారు:
చాలా ధన్యవాదాలండీ, తమ్ముడికి చదివి వినిపించాను. గెట్టర్ సంగతి వాడికి నచ్చింది. ఒకటే సందేహం. ‘ఒరె’ బరువు తెలుగులోకి ఎలా తేవాలి?

జవాబు:
సర్వనామంలో రాదు, చివర్లో వస్తుంది. ‘నేను షిమోన్’ అని రాయకండి. ‘నేను షిమోన్‌ని. మా అన్నని కాదు. గుంతలు తవ్వే షిమోన్‌ని’ అనండి. ‘నేను పల్లెటూరివాణ్ణి’ అన్నప్పుడు వచ్చే ‘ని’యే ఇది, ‘నేను’ ఉన్నప్పుడే పేరు చివర చేరుతుంది. షింజికి మాత్రం ‘ని’ వద్దు. అతను తన పేరు చెప్పడు, ‘నేను నేనే’ అని ఆగుతాడు. సబ్‌టైటిల్ రాసేవాళ్లు జాగా చాలదని ఆ ‘ని’ కోసేస్తుంటారు. దయచేసి కోయొద్దని మీ తమ్ముడికి చెప్పండి.