అప్‌డేట్: అమ్మానాన్నలు విడిగా ఉంటే క్రిస్మస్ ఎవరింట్లో?

అమ్మ గుంటూరులో, నాన్న విజయవాడలో విడిగా ఉంటున్నారు, ఇద్దరూ నాకూ తమ్ముడికీ కొత్తబట్టలు కొని 'చర్చికి నేను కొన్నవే వేసుకోవాలి' అని పట్టుబడుతున్నారు, ఏం చేయాలి అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పండగ గొడవల్లేకుండా జరిగింది.

పనిచేసింది 'ఆరాధనలు పంచుకోండి' అన్న సలహా. 24 రాత్రి ఆరాధనకి గుంటూరులో అమ్మ కొన్న చీర కట్టుకున్నా. 25 పొద్దున్నే విజయవాడ వెళ్లి, అక్కడి ఆరాధనకి నాన్న కొన్న డ్రెస్. నా ఉద్యోగం హైదరాబాద్‌లో కదా, తెలంగాణలో 26న కూడా సెలవే. ఆ రోజు మళ్లీ అమ్మ దగ్గర ఉన్నా.

గిఫ్టులు మాత్రం నేనూ తమ్ముడూ కలిసి కొన్నాం, అమ్మకి మిక్సీ, నాన్నకి బీపీ మెషిన్. ధర సమానంగా ఉండాలని బిల్లులు పక్కపక్కన పెట్టుకుని పడ్డ టెన్షన్ అంతా దండగ. ధర ఎవరూ అడగలేదు. నాన్న అయితే మెషిన్ పక్కన పెట్టి, మేం తెచ్చిన అరిసెల డబ్బా మూత తీసి, 'మీ అమ్మ చేసినవేనా?' అంటూ రెండు లాగించేశాడు.

నలుగురూ హోటల్లో కలిసి భోంచేయండి అన్న సలహా మాకు కుదరలేదు. అమ్మ ఒక్కమాటలో వద్దంది, మేమూ బలవంతం చేయలేదు. ఈస్టర్‌కీ ఇదే పద్ధతి అని తమ్ముడు రెండిళ్లలోనూ అప్పుడే చెప్పేశాడు.