లూథియర్ (చేత్తో గిటార్లు చేసే పనివాడు) దగ్గర గిటార్ చేయిస్తున్నా: డబ్బు టాప్‌కి పెట్టాలా, వెనక చెక్కకి పెట్టాలా?

విశాఖ_తీగలు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఫ్యాక్టరీ గిటారే వాయించాను. ఇప్పుడు స్టీల్ తీగలది ఒకటి చేయించుకుంటున్నా. పిక్ వాడను, వేళ్లతోనే వాయిస్తాను. నా బడ్జెట్‌లో మేలురకం స్ప్రూస్ చెక్క టాప్ (గిటార్ ముందు పలక) అయినా వస్తుంది, రోజ్‌వుడ్ వెనక, పక్కలు అయినా వస్తాయి. రెండూ రావు. ఆ రోజ్‌వుడ్ చూశాక వదలబుద్ధి కావట్లేదు. ఏం చేయమంటారు?

రంపంపొట్టు:
తమ్ముడూ, ఇంకో ఆలోచన లేకుండా టాప్‌కే పెట్టు. తీగ కదలికని గాలికి అందించేది మూడు మిల్లీమీటర్లయినా ఉండని ఆ పలకే. స్పెయిన్‌లో ఆంటోనియో దె టోరెస్ 1862లో వెనక, పక్కలు కాగితపు అట్టతో చేసి, పైన మాత్రం చెక్క పలక బిగించి గిటార్ కట్టాడు. అది బార్సిలోనా మ్యూజియంలో ఉంది. రోజ్‌వుడ్ బేస్‌కి నిండుదనం ఇస్తుంది, కాదనను. కానీ అది టాప్ తర్వాతి మాట. వేళ్లతో వాయించేవాళ్లకి వెనక చెక్క మహోగని అయితే ఒక్కో స్వరం విడివిడిగా వినిపిస్తుంది, నాకదే ఇష్టం.

అసలు పనంతా లోపల ఉంటుంది. ఆరు స్టీల్ తీగలూ కలిసి బ్రిడ్జిని (టాప్ మీద తీగల చివర్లు బిగించే చెక్క ముక్కని) దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. దాన్ని తట్టుకోవడానికి టాప్ కింద ఇంటూ గుర్తులా కర్రలు అతికిస్తారు. అమెరికా గిటార్ కంపెనీ మార్టిన్ వాళ్లు ఈ ఎక్స్ బ్రేసింగ్‌ని 1840ల్లోనే, ఇంకా పేగుతో చేసిన తీగలున్న రోజుల్లోనే వాడారు. నేను బ్రేసులు అతికించిన పలకని ఒక అంచున రెండు వేళ్లతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో తడతాను. మొదట ‘టక్’మని చచ్చిపోతుంది. ఉలితో బ్రేసుల చివర్లు పలచన చేసేకొద్దీ ‘డుంగ్’మని మోత సాగుతుంది. ఇంకొంచెం తీద్దామని చెయ్యి లాగుతుంది. అక్కడే ఆపాలి! లేదంటే కొన్నాళ్లకి బ్రిడ్జి వెనక టాప్ ఉబ్బుతుంది. ఫ్యాక్టరీలో ఒక్కో పలకకి ఇంత టైం ఇవ్వలేరు. నువ్వు డబ్బిచ్చేది ఈ పనికే.

గోదారి_గాలి:
బొబ్బిలి వీణ పనస కర్రతోనే చేస్తారు కదా అన్నా, గిటార్‌కి పనికిరాదా?

రంపంపొట్టు:
బాగా ఆరిన చెక్క దొరికితే వెనక, పక్కలకి భేషుగ్గా పనికొస్తుంది. టాప్‌కి మాత్రం వద్దు, బరువు. స్ప్రూస్ తేలిగ్గా ఉంటూనే నార పొడవునా వంగకుండా నిలబడుతుంది.

విశాఖ_తీగలు:
థాంక్స్ అన్నా. స్ప్రూస్, మహోగని ఖాయం చేసేశా. ఇక్కడి ఉక్కకి ఏం జాగ్రత్త తీసుకోవాలి? నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) వెడల్పు కూడా అడుగుతున్నారు, 43 మిల్లీమీటర్లా, 44.5 ఆ?

రంపంపొట్టు:
వేళ్లతో వాయిస్తావు కాబట్టి 44.5 చెప్పు. కేసులో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టుకో, తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. వానాకాలంలో టాప్ తేమ పీల్చుకుని పొంగితే తీగలు ఎత్తు పెరుగుతాయి. అది చూసి కంగారుపడి శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే ముక్క) అరగదీయించకు, ముందు కేసులో తేమ పీల్చే సిలికా జెల్ మార్చి కొన్ని రోజులు ఆగు.