ఎసిటిక్ ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే పీహెచ్ ఎంత? మూడు బిట్లూ తప్పుతున్నాయి

గాజువాక అమ్మాయి (ఇంటర్ రెండో ఏడు):
అందరికీ నమస్కారం. అయానిక సమతాస్థితి దగ్గర రెండ్రోజులుగా ఆగిపోయాను. లెక్క ఇది. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 50 మి.లీ. ఉంది. అందులో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ (అ) 20 మి.లీ. (ఆ) 50 మి.లీ. (ఇ) 60 మి.లీ. కలిపితే పీహెచ్ ఎంత? కేఏ (ఆమ్ల విఘటన స్థిరాంకం) 1.8 × 10⁻⁵, పీకేఏ (అంటే −లాగ్ కేఏ) 4.74 అని ఇచ్చారు.

మూడూ హెండర్సన్ సూత్రంతోనే (పీహెచ్ = పీకేఏ + లాగ్(లవణం/ఆమ్లం)) చేశాను. వరసగా 4.34, 4.74, 4.82 వచ్చాయి. కీలో 4.56, 8.72, 11.96 ఉన్నాయి. ఒక్కటీ కలవలేదు. కాలేజీలో అడిగితే "సూత్రం అదే, మళ్లీ చెయ్యి" అన్నారు. నాలుగుసార్లు చేశాను, అవే వస్తున్నాయి.

మద్దిలపాలెం అన్నయ్య:
(ఆ)లో ఆమ్లం, క్షారం సరిసమానం కదా చెల్లెమ్మా. తటస్థం అయిపోతుంది, పీహెచ్ 7. కీ తప్పు పడినట్టుంది.

ఎంవీపీ ట్యూషన్ మాస్టారు:
తొందరపడకు తమ్ముడూ, కీ సరిగ్గానే ఉంది. నీ 7 సంగతికి తర్వాత వస్తాను.

అమ్మా, నీ లెక్క చూడకుండానే చెబుతాను. (అ)లో లవణం 2, ఆమ్లం 5 అని వేశావు కదూ? 2/5కి లాగ్ −0.40, అందుకే 4.34. (ఆ)లో 5/5, (ఇ)లో 6/5. మూడు చోట్లా ఒకే తప్పు.

పోసిన క్షారం బీకరులో ఊరికే కూర్చోదు. 20 మి.లీ.లో 20 × 0.1 = 2 మిల్లీమోల్స్ ఉన్నాయి. అవి 2 మిల్లీమోల్స్ ఆమ్లాన్ని తినేసి 2 మిల్లీమోల్స్ ఎసిటేట్‌గా మారుస్తాయి. మరి ఆమ్లం ఇంకా 5 ఎలా ఉంటుంది? 3 మిగిలింది. పీహెచ్ = 4.74 + లాగ్(2/3) = 4.74 − 0.18 = 4.56.

మా ట్యూషన్లో సూత్రం రాసే ముందు రెండు వరసలు రాయిస్తాను. పైన "కలిపినవి", కింద "మిగిలినవి". కింది వరస చూశాకే ఏ సూత్రమో తేలాలి. ఆమ్లం, దాని లవణం రెండూ మిగిలితే బఫర్, అప్పుడే హెండర్సన్. లవణం ఒక్కటే మిగిలితే జలవిశ్లేషణ, అంటే లవణం నీటితో జరిపే చర్య. బలమైన క్షారం మిగిలితే మిగతావి పక్కనబెట్టి దాని గాఢతే చూడు. ఇప్పుడు (ఆ), (ఇ) నువ్వే చేసి పెట్టు.

గాజువాక అమ్మాయి:
అయ్యో, ఆమ్లం తగ్గించనే లేదు! (ఆ)లో 5, 5 పోయి 5 మిల్లీమోల్స్ ఎసిటేట్ ఒక్కటే మిగిలింది. అంటే జలవిశ్లేషణ. పీహెచ్ = 7 + ½(పీకేఏ + లాగ్ గాఢత) వాడాను. 7 + ½(4.74 − 1) = 8.87 వచ్చింది. కీలో 8.72. మళ్లీ ఏమైంది మాస్టారూ?

ఎంవీపీ ట్యూషన్ మాస్టారు:
దగ్గరికొచ్చేశావు. బీకరులో ఇప్పుడు ఎన్ని మి.లీ. ఉన్నాయి?

గాజువాక అమ్మాయి:
100! గాఢత 0.05. దాని లాగ్ −1.30. ½(4.74 − 1.30) = 1.72. పీహెచ్ 8.72. వచ్చింది మాస్టారూ!
కానీ (అ)లో 70 మి.లీ. అయినా ఘనపరిమాణం అవసరం పడలేదేం?

ఎంవీపీ ట్యూషన్ మాస్టారు:
మంచి ప్రశ్న. అక్కడ నీకు కావలసింది నిష్పత్తి. 2/70ని 3/70తో భాగిస్తే 70 కొట్టుకుపోతుంది. అందుకే బఫర్‌లో కాసిని నీళ్లు పోసినా పీహెచ్ దాదాపు కదలదు. జలవిశ్లేషణలో కొట్టేయడానికి కింద ఏమీ లేదు, అసలు గాఢతే కావాలి. పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. పరీక్షల్లో ఆప్షన్లలో 8.87 కూడా పెడతారు, నాకు తెలిసి కావాలనే.

ఇక తమ్ముడి 7. బలమైన ఆమ్లం, బలమైన క్షారం అయితే 25 డిగ్రీల దగ్గర 7 నిజమే. ఇక్కడ ఎసిటిక్ బలహీన ఆమ్లం. దాని ఎసిటేట్ నీటి నుంచి ప్రోటాన్ లాక్కుని హైడ్రాక్సైడ్‌ను వదులుతుంది. అందుకే తుల్య బిందువు (ఆమ్లానికి క్షారం సరిగ్గా సరిపోయే చోటు) దగ్గర పీహెచ్ 7 పైనే ఉంటుంది.

మద్దిలపాలెం అన్నయ్య:
ఒప్పుకున్నాను మాస్టారూ. ఇంటర్ వదిలి మూడేళ్లయింది, తుప్పు పట్టింది.

కూర్మన్నపాలెం రిటైర్డ్ కెమిస్టు:
జీవితమంతా బ్యూరెట్ ముందే గడిపినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను. ఈ లెక్కలోనే సూచిక (రంగు మారి తుల్య బిందువు తెలిపే పదార్థం) ఎంపిక కూడా ఉంది, వైవాలో అడుగుతారు.

బ్యూరెట్ చుక్క సుమారు 0.05 మి.లీ. అనుకోండి. తుల్య బిందువుకి ఒక చుక్క ముందు లవణం ఆమ్లానికి 999 రెట్లు, పీహెచ్ 7.74. ఒక చుక్క దాటాక 9.70. రెండు చుక్కల్లో దాదాపు రెండు పాయింట్లు ఎగిరింది. ఫినాఫ్తలీన్ రంగు తిరిగేది 8.2 నుంచి 10 మధ్య, చాలావరకు ఆ గెంతులోనే పడుతుంది. అదే మిథైల్ ఆరెంజ్ వేస్తే? అది 3.1 నుంచి 4.4 మధ్య మారుతుంది. లెక్క వేయండి, 16 మి.లీ. పోసేసరికే దాని రంగు మారడం అయిపోతుంది. ఇంకా 34 మి.లీ. పని మిగిలే ఉంటుంది! మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు ఇలాగే చేసి, సీసాలో ఆమ్లం పలచబడిందని రిపోర్టు రాసేశాడు.

ఎంవీపీ ట్యూషన్ మాస్టారు:
మీ చుక్కల లెక్క రేపు క్లాసులో వాడుకుంటాను సార్.
అమ్మా, ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, కాలిక్యులేటర్ ఉండదు. లాగ్ 2 అంటే 0.30, లాగ్ 3 అంటే 0.48, ఇవి నోటికి ఉంటే చాలు. 2/3కి 0.30 − 0.48 = −0.18. 0.05కి 5 లాగ్ (1 − 0.30 =) 0.70లోంచి 2 తీసేస్తే −1.30. పట్టిక అక్కర్లేదు. (ఇ) ఏదీ?

గాజువాక అమ్మాయి:
కలిపినవి: ఆమ్లం 5, క్షారం 6. మిగిలినవి: క్షారం 1, ఎసిటేట్ 5. ఘనపరిమాణం 110 మి.లీ. (ఈసారి మర్చిపోలేదు). 1/110 = 0.0091. పీఓహెచ్ (హైడ్రాక్సైడ్ గాఢతకి −లాగ్) 2.04, పీహెచ్ 14 − 2.04 = 11.96.
ఎసిటేట్ 5 మిల్లీమోల్స్ ఉందిగా, అది కూడా హైడ్రాక్సైడ్ ఇస్తుంది కదా, దాన్ని వదిలేయొచ్చా?

ఎంవీపీ ట్యూషన్ మాస్టారు:
వదిలేయొచ్చు. (ఆ)లో ఎసిటేట్ ఒంటరిగా ఉన్నప్పుడే అది ఇచ్చిన హైడ్రాక్సైడ్ 5.3 × 10⁻⁶ మోలార్. ఇక్కడ మిగిలిన క్షారం 9.1 × 10⁻³, అంటే వెయ్యి రెట్లకు పైనే. పైగా ముందే అంత హైడ్రాక్సైడ్ ఉంటే ఉమ్మడి అయాను ప్రభావం వల్ల ఎసిటేట్ ఇచ్చేది ఇంకా తగ్గుతుంది.

గాజువాక అమ్మాయి:
థాంక్యూ మాస్టారూ. ఇప్పుడు అమ్మోనియం హైడ్రాక్సైడ్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసే లెక్కకి ఇవే రెండు వరసలు రాసి చూస్తాను. రాకపోతే రేపు ఇక్కడే అడుగుతాను.

కూర్మన్నపాలెం రిటైర్డ్ కెమిస్టు:
దానికి మాత్రం ఫినాఫ్తలీన్ వేయకమ్మా. ఎందుకో లెక్క అయ్యాక నువ్వే చెప్పు.